కొయ్య చెంచా: చెక్కుటలోని విజ్ఞానము

ఒక చిన్న కొయ్య చెంచాను చేతిలోనికి తీసికొని పరిశీలింపుడు. దాని పొడవు 15 సెంటీమీటర్లకు మించదు. బరువు పది, పదిహేను గ్రాములు మాత్రమే. ఒక కొనయందు పదార్థమును పట్టు గుంట, రెండవ కొనయందు చేతితో పట్టుకొను కాడ, ఈ రెంటిని కలుపు సన్నని మెడ: దాని భాగములు ఈ మూడే. అందులో అతుకు లేదు, మేకు లేదు, జిగురు లేదు. అంతటి సామాన్యమైన వస్తువు మరియొకటి ఉండదని తోచును.

అయినను ఒకరు చెక్కిన చెంచా ఏండ్ల తరబడి వాడుకలో నిలుచును. మరియొకరు చెక్కినది నెల తిరుగకముందే మెడకడ విరుగును. లేదా గుంట నిలువున పగులును. చెట్టు ఒక్కటే, పనిముట్లు అవే. మరి భేదమెక్కడ నున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో కొయ్యయొక్క నిర్మాణము, నీటికిని కొయ్యకును గల సంబంధము, కత్తి అంచు పనిచేయు తీరు అను మూడు విషయములు మనకు బోధపడును.

ఉదయగిరి చెంచాలు

నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి పేరు వినగానే చరిత్ర విద్యార్థులకు 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి గెలుచుకొనిన గిరిదుర్గము జ్ఞప్తికి వచ్చును. ఆ ఊరికి మరియొక ప్రఖ్యాతి కూడ కలదు. అక్కడి పనివారు కొయ్యతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేతితోనే చెక్కుదురు. కాడలపై సన్నని నగిషీ తీర్చుదురు. ఈ పనిలో స్త్రీలకును పాలు కలదు. భౌగోళిక సూచికలను గూర్చిన 1999వ సంవత్సరపు చట్టము ననుసరించి ఉదయగిరి కొయ్య వస్తువులకు ప్రత్యేక గుర్తింపు లభించినది. అనగా వేరొక చోట తయారైన వస్తువులను ఆ పేరుతో అమ్మరాదు.

వారు వాడు కొయ్యలు బిక్కి, కలివి, దేవదారి, నర్ది మొదలగునవి. ఈ దేవదారి హిమాలయములలోని దేవదారు వృక్షము కాదు; మన మెట్ట అడవులలో పెరుగు చిన్న చెట్టు. దాని చేవకు సువాసన కలదు. బిక్కి చెట్టును వృక్షశాస్త్రజ్ఞులు గార్డీనియా ప్రజాతిలో చేర్చినారు. దాని కొయ్య గట్టిది, సన్నని పోగులు గలది. దువ్వెనలు చేయుటకు అది తగినదని ప్రసిద్ధి. దువ్వెన పండ్లు విరుగకుండ నిలుచు కొయ్యలో ఫోర్కు ముళ్లును విరుగకుండ నిలుచునని వేరుగా చెప్పనక్కరలేదు.

మన రాష్ట్రములోని ఇతర కొయ్య పనులతో దీనిని పోల్చి చూడవచ్చును. కొండపల్లి బొమ్మలకు తేలికైన తెల్లపొణికి కొయ్యను వాడుదురు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కొయ్యను తరిమెనపై త్రిప్పి రూపమిచ్చుదురు. తరిమెనపై త్రిప్పిన వస్తువు ఏ భాగమున అడ్డముగా కోసినను గుండ్రముగనే యుండును. చెంచా అట్టిది కాదు. దాని గుంట ఒక తీరు, మెడ ఒక తీరు, కాడ ఒక తీరు. అందుచేత దానికి తరిమెన అక్కరకు రాదు. రంపము, బాడిస, ఉలి, కత్తి, ఆకురాయి అను పనిముట్లతో చేతితోనే రూపమును తీయవలెను.

ఏ పనికి ఏ కొయ్య తగునను విచారణ మన దేశమున మిక్కిలి పురాతనమైనది. యజ్ఞములలో నేయి వేయుటకు వాడు గరిటెలలో స్రువమును చండ్రకొయ్యతోను, జుహువును మోదుగకొయ్యతోను, ఉపభృత్తును రావికొయ్యతోను చేయవలెనని తైత్తిరీయ సంహిత విధించుచున్నది. ఆ విధులు మతసంబంధమైనవే కాని వస్తుపరీక్షలు కావు. అయినను గరిటెకు గరిటెకు చెట్టును మార్చి చెప్పినవారు కొయ్యలన్నియు ఒక్కటి కావని ఎరిగినవారే యని తెలియుచున్నది.

కొయ్యకు దిక్కు కలదు

ఇనుపముక్కను నిలువుగా లాగినను, అడ్డముగా లాగినను దాని బలము దాదాపు ఒక్కటే. కొయ్య అట్లు కాదు. సూక్ష్మదర్శినితో చూచినచో కొయ్య సన్నని, పొడవైన గొట్టముల కూటమివలె కన్పట్టును. చెంచాలకు వాడు చెట్లలో ఈ పోగులు ఒక్కొక్కటి సుమారు 1 మిల్లీమీటరు పొడవుండును. వెడల్పు అందులో యాబదవ వంతు మాత్రమే. చెట్టు నిలువునకు సమాంతరముగా ఇవి పేర్చబడియుండును. గొట్టముల గోడలు సెల్యులోజు అను పదార్థముతో నిర్మింపబడినవి. లిగ్నిన్ అను మరియొక పదార్థము వాటిని ఒకదానితో నొకటి అంటించి గట్టిపరచును.

దీనికి చీపురుకట్ట మంచి ఉపమానము. కట్టను అడ్డముగా విరుచుట ఎంతటి బలశాలికైనను కష్టము. పుల్లలను ఒకదానినుండి ఒకటి విడదీయుట పిల్లలకును సులభము. కొయ్యను పోగుల వెంబడి లాగి త్రెంచుటకు కావలసిన బలము, పోగులకు అడ్డముగా లాగి చీల్చుటకు కావలసిన బలముకన్న ఇరువది రెట్లకు పైగా నుండును.

మరియొక విశేషము కలదు. కణముల గోడలోని పదార్థముయొక్క సాంద్రత అన్ని చెట్లలోను దాదాపు ఒక్కటే. ఘన సెంటీమీటరుకు సుమారు 1.5 గ్రాములు. ఒక కొయ్య తేలికగాను, మరియొకటి బరువుగాను ఉండుటకు కారణము గొట్టములలోని ఖాళీయే. ఎండిన కొయ్య సాంద్రత 0.75 అయినచో అందులో సగము గోడ, సగము ఖాళీ అన్నమాట. పొణికి వంటి తేలిక కొయ్యలో ఖాళీ ఎక్కువ. కనుక బొమ్మ చెక్కుట సులభము, రంగు పట్టుట సులభము. కాని పలుచని చెంచా గుంటకు ఆ కొయ్య నిలువదు. నీటిని, నూనెను త్వరగా పీల్చును. బిక్కి, కలివి వంటి కొయ్యలలో ఖాళీ తక్కువ, రంధ్రములు సన్నవి. అందువలన పలుచగా చెక్కినను గుంట నిలుచును. పదార్థము రంధ్రములలో ఇరుకుకొనదు.

నీరు, సంకోచము, పగులు

అప్పుడే నరికిన కొమ్మలో నీరు విశేషముగా నుండును. ఆ నీటిని కొలుచుటకు ఒక పద్ధతి కలదు. పచ్చిముక్కను తూచి, పూర్తిగా ఎండబెట్టి మరల తూచవలెను. పచ్చిముక్క 78 గ్రాములు, ఎండినది 52 గ్రాములు అయినచో, పోయిన నీరు 26 గ్రాములు. దానిని ఎండిన బరువుతో భాగింపగా నీటిపాలు 50 శాతమని తేలును.

ఈ నీరు రెండు చోట్ల నుండును. కొంత గొట్టముల నడిమి ఖాళీలో, తొట్టిలోని నీటివలె స్వేచ్ఛగా నుండును. మిగిలినది గోడల పదార్థములో ఇంకియుండును. కొయ్య ఆరునపుడు మొదట పోవునది స్వేచ్ఛగా నున్న నీరు. అది పోయినంతవరకు కొయ్య బరువు తగ్గునే కాని పరిమాణము మారదు. నీటిపాలు సుమారు 30 శాతమునకు దిగినపుడు ఆ నీరు ముగియును. తరువాత గోడలలోని నీరు పోవుటకు ఆరంభించును. అప్పుడే కొయ్య ముడుచుకొనును.

ఈ ముడుచుకొనుటకును దిక్కు కలదు. పచ్చినుండి పూర్తిగా ఎండువరకు పోగుల వెంబడి సంకోచము 0.1 లేక 0.2 శాతము మాత్రమే, లెక్కింపనక్కరలేదు. దుంగ నడుమనుండి బెరడువైపు, అనగా వ్యాసార్ధము వెంబడి, 3 నుండి 6 శాతము ఉండును. వలయముల చుట్టు కొలతలో 6 నుండి 10 శాతము ఉండును. ఈ తుది రెంటికిని గల భేదమే పగులునకు మూలము.

చిన్న లెక్క వేసి చూతము. ఒక గుండ్రని దుంగ ఎండినపుడు వ్యాసార్ధము 4 శాతము, చుట్టుకొలత 8 శాతము తగ్గవలెననుకొందము. వ్యాసార్ధము 0.96 వంతైనపుడు పూర్తి వృత్తమునకు చుట్టుకొలతయు 0.96 వంతు ఉండవలెను. కాని కొయ్య 0.92 వంతు మాత్రమే మిగిలినది. 0.92ను 0.96చేత భాగించి 360తో గుణింపగా 345 డిగ్రీలు వచ్చును. లోటు 15 డిగ్రీలు. ఆ లోటు ఎక్కడనో ఒకచోట తెరచుకొనక తప్పదు. ఎండిన దుంగ కొనను కన్పట్టు ముక్కోణపు పగులు ఇదియే.

ఇప్పుడు అదే దుంగను పచ్చిగా నున్నపుడే నడుమకు రెండుగా చీల్చినామనుకొందము. ఒక్కొక్క సగము 180 డిగ్రీలనుండి 172.5 డిగ్రీలకు ముడుచుకొనును. దానిని అడ్డగించునది లేదు. చీల్చిన ముఖము కొంచెము ఉబ్బునే కాని పగులు రాదు. కనుకనే చెంచా చెక్కువారు దుంగను, కొమ్మను మొదట చీల్చుదురు. నడుమనుండు మెత్తని దవ్వను తీసివేయుదురు. దవ్వ చెంచా గుంటలో మిగిలినచో ఆ గుంట పగులుట దాదాపు తప్పదు.

రంపముతో కోయుటకన్న చీల్చుట మేలగుటకు మరియొక కారణము కూడ కలదు. రంపము మనము గీచిన గీత వెంబడి పోవును. పోగులు ఎటు పోవుచున్నవో దానికి పట్టదు. చీలిక పోగుల దారి వెంబడియే పోవును. చీల్చిన ముక్క తన పోగులు ఎటున్నవో తానే చూపును.

పచ్చికొయ్య మెత్తగా నుండును. కత్తికి సులభముగా లొంగును. ఎండిన కొయ్య పోగుల వెంబడి నొక్కుడునకు చూపు బలము పచ్చికొయ్య బలమునకు దాదాపు రెట్టింపు. అందుచేత ముతకరూపమును పచ్చిలోనే తీసి, నీడలో మెల్లగా ఆరబెట్టి, తుదిమెరుగులను ఎండిన పిమ్మట దిద్దుట మంచి పద్ధతి. ఎండలో పెట్టినచో పైపొర త్వరగా ఆరి ముడుచుకొనును. లోపల ఇంకను పచ్చిగనే యుండును. పైపొర లోపలి భాగమును బిగించి, తానే చిట్లును. ఆరునంతవరకు ముక్కలను చెక్కినపొట్టులో కప్పియుంచుటలోని ఆంతర్యము ఇదియే.

కత్తి అంచు

కత్తి ఎట్లు కోయును? భౌతికశాస్త్రమున పీడనము అనగా బలమును వైశాల్యముచేత భాగింపగా వచ్చునదని విద్యార్థులు చదివియుందురు. కత్తి పనికి ఇది చక్కని ఉదాహరణము. బాగుగా సానపట్టిన అంచు మందము ఒక మిల్లీమీటరులో వేయవ వంతు అనుకొందము. కొయ్యను తాకు అంచు పొడవు 1 సెంటీమీటరు. అప్పుడు వైశాల్యము చదరపు సెంటీమీటరులో పదివేలవ వంతు. దానిపై 1 కిలోగ్రాము బరువు మోపినను పీడనము చదరపు సెంటీమీటరుకు 10,000 కిలోగ్రాములగును. గట్టి కొయ్య నలుగుటకు కావలసిన పీడనము సుమారు 500 కిలోగ్రాములే. కనుక అంచు పోగులను తెగగోసి లోనికి దిగును.

అంచు మొద్దుబారి మందము ఇరువది రెట్లు పెరిగినదనుకొందము. అదే బరువుకు పీడనము 500 కిలోగ్రాములకు దిగును. కత్తి ఇక పోగులను కోయదు, నలిపివేయును. పనివాడు మరింత బలముతో నెట్టవలసివచ్చును. నెట్టిన కత్తి ఒక్కసారిగా జారినచో వ్రేలు తెగును. వాడియైన కత్తికన్న మొండికత్తియే ఎక్కువ ప్రమాదకరమని వడ్రంగులు చెప్పుటకు కారణము ఇది.

అంచు నిలుచుటకు ఉక్కు తగినదై యుండవలెను. కమ్మరి ఉక్కును ఎర్రగా కాచి నీటిలో ముంచును. అప్పుడది మిక్కిలి కఠినమగును. కాని గాజువలె పెళుసు. అందుచేత మరల సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వెచ్చజేయును. మెరుగుపెట్టిన ఉక్కుపై లేత పసుపురంగు కన్పట్టగానే చల్లార్చును. ఇందువలన కాఠిన్యము కొంచెము తగ్గినను పెళుసుదనము పోవును. పిమ్మట సానరాయిపై 20, 25 డిగ్రీల కోణమున అంచు తీయుదురు.

ఎత్తునుండి పల్లమునకు

కొయ్య చెక్కువాడు మొదట నేర్వవలసిన సూత్రము ఒక్కటే: కత్తి ఎత్తునుండి పల్లమునకు దిగవలెను, పల్లమునుండి ఎత్తునకు ఎక్కరాదు.

కారణము పోగుల నిర్మాణములోనే యున్నది. చెంచా గుంట వెలుపలి వంపును చెక్కుచున్నామనుకొందము. పోగులు కాడ వెంబడి నిలువుగా నున్నవి. వంపు వాలుగా నున్నది. కత్తి ఆ వాలున క్రిందికి దిగునపుడు, తెగుచున్న ప్రతి పోగునకును దాని క్రింది పోగు ఆసరాగా నుండును. అంచు కోసినచోటనే పోగు తెగును. పొట్టు నునుపుగా చుట్టలు చుట్టుకొని లేచును. కత్తిని ఎదురుత్రిప్పి వాలుపైకి నెట్టినచో అంచు పోగుల కొనల క్రిందికి దూరును. కత్తి మేకువలె పనిచేసి పోగులను పైకి లేపును. చీలిక అంచుకన్న ముందుగా పరుగెత్తును. అది ఎక్కడ ఆగునో మన చేతిలో లేదు. ఒక్క క్షణమున చెంచా అంచు పేడుగా లేచిపోవచ్చును.

గుంట లోపల ఈ సూత్రము మరింత స్పష్టముగా తెలియును. గుంటకు రెండు వాలులున్నవి. మెడవైపునుండి అడుగునకు ఒకటి, కొనవైపునుండి అడుగునకు ఒకటి. ఒక కొననుండి మరియొక కొనకు ఒకే ఊపున చెక్కినచో మొదటి సగము నునుపుగా వచ్చును; అడుగు దాటగానే కొయ్య చీలుటకు మొదలిడును. అందుచేత వంపు ఉలితో ఇరువైపులనుండి దిగి అడుగున కలిపెదరు. లేదా పోగులకు అడ్డముగా చెక్కుదురు. అడ్డముగా చెక్కునపుడు చిన్న చిన్న పేళ్లే లేచును. చీలిక పొడవున పరుగెత్తుటకు వీలుండదు.

పని క్రమములోను ఒక యోచన కలదు. మొదట గుంట లోపలిభాగమును తొలుచుదురు; వెలుపలిభాగమును తరువాత చెక్కుదురు. ఉలి దెబ్బలు తగులునపుడు క్రింద మందమైన ముక్క యుండును గనుక పగులు భయము తక్కువ. గుంట పూర్తియైన పిమ్మట వెలుపల చెక్కుచు, బొటనవ్రేలిని లోపల, చూపుడువ్రేలిని వెలుపల ఉంచి మందమును తడిమి చూతురు. వ్రేళ్లు పట్టుకొను ఈ కొలత ఏ కొలబద్దకును సులభముగా అందదు.

మెడ బలము

చెంచాకు మెడయే బలహీనస్థానము. పోగులు కాడనుండి మెడ గుండ గుంటలోనికి తెగకుండ పోవలెను. కొయ్యముక్కలో పోగులు వాలుగా నున్నచో అవి మెడ ప్రక్కలకు వచ్చి తెగిపోవును. పోగులు 10 సెంటీమీటర్ల పొడవులో 1 సెంటీమీటరు ప్రక్కకు వాలినచో వంపును భరించు బలము సుమారు అయిదవ వంతు తగ్గును. 5 సెంటీమీటర్లలో 1 సెంటీమీటరు వాలినచో బలము దాదాపు సగమునకు దిగును. పైకి చూచుటకు ఈ రెండు చెంచాలకును భేదమే తోచదు. మొదట అడిగిన ప్రశ్నకు సమాధానము ముఖ్యముగా ఇక్కడనే యున్నది.

మెడ ఆకారమును గూర్చియు లెక్క కలదు. ఒక కమ్మి వంపునకు చూపు బలము దాని వెడల్పును, ఎత్తుయొక్క వర్గమును బట్టి యుండును. మెడ వెడల్పు 9, ఎత్తు 6 మిల్లీమీటర్లైనచో 9ని 36తో గుణింపగా 324. అదే మెడను వెడల్పు 6, ఎత్తు 9గా చెక్కినచో 6ను 81తో గుణింపగా 486. కొయ్య అంతే, బలము ఒకటిన్నర రెట్లు. కనుకనే మంచి చెంచా మెడ పైనుండి చూచిన సన్నగాను, ప్రక్కనుండి చూచిన లోతుగాను ఉండును. మన ఇంటి దూలములను నిలువుగా నిలుపుటలోను సూత్రము ఇదియే.

కాడ వంపుగా నుండవలెనన్నచో తిన్నని కొయ్యలో వంపు చెక్కుట మంచిది కాదు, పోగులు తెగును. సహజముగా వంపుతిరిగిన కొమ్మను ఎన్నుకొన్నచో పోగులును వంపు వెంబడియే పోవును. స్వీడను దేశమున చెంచాలు చెక్కువారు ఇట్టి వంపుకొమ్మలకై అడవిలో వెదకుదురు. మన రైతులు కొయ్యనాగలికి వంపుతిరిగిన మానును ఏరుకొనినది కూడ ఈ కారణముచేతనే.

నునుపు, నూనె, వాడుక

చెక్కిన చెంచాను ఆకురాయితోను, గరుకు కాగితముతోను నునుపు చేయుదురు. నునుపైన చెంచాను ఒకసారి నీటిలో ముంచి ఆరబెట్టినచో పైపోగులు లేచి మరల గరుకు తేలును. వాటిని మరల తీసివేయవలెను. రెండుమారులు ఇట్లు చేసినచో ఇక వాడుకలో పోగులు లేవవు.

పిమ్మట నూనె పట్టించుట. ఇందుకు నూనెలన్నియు ఒక్కటి కావు. అవిసెనూనె అణువులలో ద్విబంధములు ఎక్కువ. అవి గాలిలోని ఆమ్లజనితో కలిసి ఒకదానితో నొకటి అల్లుకొని గట్టి పొరగా మారును. ఇట్టి నూనెలను ఆరు నూనెలందురు. కొబ్బరినూనెలో ద్విబంధములు స్వల్పము. అది పొరగా మారదు. వేరుసెనగ నూనె కూడ చక్కగా ఆరదు; నాళ్లు గడచిన కొలది ముక్కవాసన పట్టును. రంగుల దుకాణములలో అమ్ము కాచిన అవిసెనూనెలో త్వరగా ఆరుటకు లోహపు లవణములు కలుపుదురు. అది వంటపాత్రలకు పనికిరాదు. మరియొక జాగ్రత్త కూడ అవసరము. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడవేయరాదు. ఆమ్లజనితో కలియునపుడు పుట్టిన వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకొనవచ్చును. గుడ్డను నీట తడిపి, పరచి ఆరబెట్టవలెను.

అన్ని చెట్ల కొయ్యయు నోటికి తగినది కాదు. గన్నేరు, ముష్టి చెట్లు విషపూరితములు. వాటిని ఎన్నడును వాడరాదు. జీడిమామిడి రసము చర్మమును పొక్కించును. జామ, చింత, సపోటా కొమ్మలు నేర్చుకొనువారికి తగినవి. గట్టివి, సులభముగా లభించునవి.

వంటయింట కొయ్యకు గల గొప్పగుణము ఉష్ణమును సరిగా ప్రసరింపనీయకపోవుట. తుప్పుపట్టని ఉక్కు కొయ్యకన్న దాదాపు నూరురెట్లు, అల్యూమినియము వేయిరెట్లకు పైగా ఉష్ణవాహకములు. గొట్టములలోని గాలియే ఇందుకు ముఖ్య కారణము. కొయ్య గరిటె పాయసములో ఎంతసేపున్నను కాడ చేతిని కాల్చదు.

కొయ్యపై సూక్ష్మజీవులు నిలుచునేమో యని పలువురు సందేహింతురు. 1990 దశకమున అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున డీన్ క్లైవర్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు వంటయింటి కోతపలకలను పరీక్షించినారు. కొయ్యపలకపై వేసిన సూక్ష్మజీవులు లోనికి ఇంకి, పైభాగమున త్వరలోనే తగ్గిపోయినవనియు, కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్ పలకలను శుభ్రపరచుట కష్టమైనదనియు వారు కనుగొనిరి. అంతమాత్రమున కొయ్యను కడుగనక్కరలేదని తలపరాదు. చెంచాను వెంటనే కడిగి, నీటిలో నానవేయక, గాలి తగులునట్లు ఆరబెట్టవలెను. పగిలినదానిని తీసివేయవలెను.

బడిలో చెంచా

కొయ్యపనిని బాలురకు చదువులో భాగముగా నేర్పుట కొత్త విషయము కాదు. ఫిన్లండులో ఊనో సిగ్నేయస్ కృషిఫలితముగా 1866లో గ్రామపాఠశాలలలో చేతిపని నిర్బంధపాఠ్యమైనది. స్వీడనులో ఓటో సాలమన్ నేస్ అనుచోట ఉపాధ్యాయులకు కొయ్యపనిలో శిక్షణ ఇచ్చెను. అక్కడ మొదటి పనిముట్టు కత్తి. స్వీడను పాఠశాలలలో ఈనాటికిని చేతిపని నిర్బంధపాఠ్యమే. మన దేశమున 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలిక విద్యయు పనిద్వారా చదువు రావలెనను భావముపైననే నిలిచినది.

కత్తి పట్టకయే తరగతిలో చేయదగిన ప్రయోగములు మూడు కలవు.

మొదటిది: చేతిమణికట్టంత లావుగల పచ్చి కొమ్మనుండి రెండు బిళ్లలు కోయవలెను. ఒకదానిని అట్లే యుంచి, రెండవదానిని నడుమకు చీల్చి, రెంటిని నీడలో నెలదినములు ఉంచవలెను. నిండు బిళ్లలో తెరచుకొనిన పగులును కోణమానినితో కొలిచి, పైన వేసిన లెక్కతో పోల్చవలెను. ఏ చెట్టున ఎంత కోణము వచ్చినదో పట్టిక వ్రాయవలెను.

రెండవది: ఒక పచ్చిముక్కను ప్రతిదినము తూచి, పొడవు, అడ్డుకొలతలు వ్రాసి, గ్రాఫు గీయవలెను. బరువు మొదటి దినమునుండియే తగ్గును. అడ్డుకొలత ఎప్పుడు తగ్గ నారంభించినదో, పొడవు ఏమైనదో గ్రాఫే చెప్పును.

మూడవది: కొయ్య, ఉక్కు, ఇత్తడి చెంచాల కాడలపై సమానదూరమున చిన్న మైనపుముద్దలు అంటించి, గుంటలను ఒకే వేడినీటిపాత్రలో ఉంచవలెను. ఏ ముద్ద ముందు జారునో చూడవలెను.

పై తరగతుల విద్యార్థులు ఉపాధ్యాయుని ఎదుట, వాడియైన కత్తితో, కత్తి పోవు దారిలో చేయి లేకుండ చూచుకొనుచు, జామకొమ్మతో ఒక చెంచాను చెక్కి చూడవచ్చును. మొదటి చెంచా పగులవచ్చును. ఎక్కడ పగిలినదో, పోగులు అక్కడ ఎటు పోయినవో పరిశీలించుటయే పాఠము.

యంత్రముతో కోసిన చెంచా చౌక. ఉక్కు చెంచా మన్నిక గలది. వాటితో పోటీపడి చేతిపని నిలుచుట కష్టమే. చెంచాలకు తగిన చిన్న చెట్లు మెట్ట అడవులలో మెల్లగా పెరుగునవి. నరికిన వేగమున అవి మరల పెరుగవు. కనుక ఉదయగిరి వంటి చోట ఈ పని నిలువవలెనన్నచో చెట్టును పెంచుట, చేతిని పోషించుట రెండును జరుగవలెను. యంత్రము ప్రతి ముక్కను ఒకే గీత వెంబడి కోయును. దాని పోగులు ఎటున్నవని అడుగదు. పనివాడు ముక్క ముక్కకును ఆ ప్రశ్న వేయును. ఆ ప్రశ్న వేయుట పుస్తకములలో వ్రాయబడియున్నది తక్కువ. చేతినుండి చేతికి వచ్చినది ఎక్కువ. మన ఊళ్లలోని వడ్రంగులను, చెక్కడపు పనివారిని విద్యార్థులు కలిసికొని, ఏ పనికి ఏ చెట్టును ఎన్నుకొందురో, ఎందువలననో అడిగి వ్రాసియుంచుట కూడ విజ్ఞానసేవయే యగును.